రాస్ తనూరా దారిలో హైడ్రోజన్ బస్సు

మదీనా చూసినవాళ్లు మక్కాకు వెళతారు, లేదంటే ఇంటికి వెళతారు. రాస్ తనూరాకు ఎవరూ వెళ్లరు. మా ఉమ్రా బృందాన్ని తీసుకొచ్చిన పెద్దాయనకు నేను అక్కడికి వెళతానని చెప్పగానే కళ్లద్దాలు పైకి జరుపుకుని, "అక్కడ చమురు ఓడలు తప్ప ఏముందమ్మా?" అన్నాడు.

"మా తమ్ముడున్నాడు," అన్నాను.

నేను ప్రొద్దుటూరులో ముప్పై ఏళ్లు కెమిస్ట్రీ చెప్పి నిరుడు రిటైరయ్యాను. తమ్ముడు రహమత్ నాకంటే పద్దెనిమిదేళ్లు చిన్న. అమ్మ కన్నది, నేను ఎత్తుకు తిరిగాను. రాస్ తనూరా రిఫైనరీకి పనిచేసే ఒక కాంట్రాక్టు కంపెనీలో పదకొండేళ్లుగా టెక్నీషియన్. మీటర్లు, వాల్వులు, గ్యాస్ లీకైతే పసిగట్టే సెన్సార్లు సరిచూడటం వాడి పని. ఇప్పుడు వాడికి ఇంకో చోటినుంచి పిలుపొచ్చింది. అక్కడికి కొంత దూరంలో, బండ్లకు హైడ్రోజన్ నింపడానికి ప్రయోగంగా నడుపుతున్న కేంద్రం అది. వస్తావా రావా అన్నది నేను రాస్ తనూరా చేరిన వారం గురువారంలోగా చెప్పాలి.

నేను బయల్దేరే ముందురోజు మరదలు నస్రీన్ మా ఇంటికొచ్చింది. వాడికోసం చేసిన కారప్పొడి నా చేతికిచ్చి కూర్చుంది, లేవదు. చివరికి చెప్పింది.

"ఆ గ్యాసు బాంబుల్లో వాడేదంట కదా వదినా. నువ్వు కెమిస్ట్రీ టీచరువి. నేను చెప్తే వినడు, నువ్వు చెప్తే వింటాడు. వద్దని ఒక్క మాట చెప్పు."

సరే, చెప్తానన్నాను. ఆ మాట మూటలో కట్టుకునే విమానమెక్కాను.

మదీనా

మదీనాలో గడిచిన ఐదురోజుల గురించి నేను రాయగలిగింది తక్కువ. అంత నెమ్మది నా మనసుకు ఎన్నడూ తెలియదు. ప్రార్థన అయ్యాక అందరితోపాటు మెల్లగా బయటికి నడిచి రావడం, పొద్దున్నే తందూరు నుంచి తీసిన పళ్లెమంత తమీస్ రొట్టెను ఉడికించిన చిక్కుడుగింజల ముద్దలో అద్దుకుని తినడం. ఆ రొట్టె ఒక్కటి కొంటే ముగ్గురు ఆడవాళ్లం తిని ఇంకా మిగిల్చాం. మా ప్రొద్దుటూరు కారం దోసె తిన్న నాలుకకు అక్కడి తిండి మొదటిరోజు చప్పగా ఉంది. మూడోరోజుకు అదే బాగుంది.

ఒక్క పొరపాటు చేశాను. ఖర్జూరాల కొట్టులో పనిచేసే హైదరాబాదీ ఆయన, కూర్చోండమ్మా అని, చిన్న గిన్నెలాంటి కప్పులో గహ్వా పోశాడు. మన కాఫీ అనుకుని గుక్కెడు తాగాను. పాలు లేవు, చక్కెర లేదు, ఏలక్కాయల కషాయంలా ఉంది. మర్యాదకు కప్పు ఖాళీ చేశాను. వెంటనే మళ్లీ పోశాడు. మళ్లీ తాగాను. మళ్లీ పోశాడు. మన ఇళ్లలో పెట్టినది వదలకూడదంటారు కదా, అలా ఐదు కప్పులు తాగేసరికి ఆయనకు నవ్వాగలేదు. "చాలనుకుంటే కప్పును ఇట్లా ఆడించాలమ్మా. లేకపోతే పోస్తూనే ఉంటారు," అని చేత్తో ఆడించి చూపించాడు. ఆ రోజంతా నాకు గుండె దడదడలాడింది.

ఆరోరోజు పొద్దున రహమత్ కారు వేసుకుని వచ్చాడు. మూడేళ్లయింది చూసి. గడ్డంలో నెరుపు వచ్చింది. నా చెయ్యి పట్టుకుని, "చిక్కిపోయినావు కదక్కా," అన్నాడు. ఈ మాట నేను అందామనుకున్నాను.

దారిలో

హైవే మొదలయ్యే చోట ట్యాంకు నింపించాడు. పెట్రోలు లీటరు ధరా, పక్క కొట్టులో పెద్ద నీళ్ల సీసా ధరా దాదాపు ఒకటే. నాకు ఉండబట్టలేదు.

"ఇంత చవగ్గా పెట్రోలు దొరికే దేశానికి హైడ్రోజన్ యాలరా?"

"చవక ఈళ్లకు. ఈళ్లు బతికేది మాత్రం బయటోళ్లకు అమ్మి. ఆ బయటోళ్లు రేపు పొగొచ్చేది మాకొద్దు అంటే ఏమి చేస్తారు? ఎండుండాది, గాలుండాది, సముద్రం నీళ్లుండాయి. ఉప్పు తీసేసి, ఆ నీళ్లను కరెంటుతో విడగొడితే హైడ్రోజన్. అమ్ముకోవడానికి ఇంకో సరుకు."

"ఆ కరెంటు ఎండనుంచే వస్తుందా?"

"అట్ల చేసేవీ కడతాండారు, పడమర సముద్రం పక్క. మా తట్టు ఎక్కువగా భూమిలోంచి తీసిన గ్యాసుతోనే చేసేది. దాంట్లో వచ్చే కార్బన్‌ను పట్టి మళ్లీ భూమిలోకే పంపుతామంటారు. ఎంత పడతారో, ఎంత జారిపోతాదో నాకు తెలీదక్కా."

తెలియనిది తెలియదని చెప్పడం వాడికి చిన్నప్పటినుంచీ అలవాటు. నస్రీన్ మాట అప్పుడే చెప్పేద్దామనుకున్నాను. కానీ కిటికీ అవతల ఎర్రటి ఇసుకలో ఒంటెలు ఒక వరుసలో నడుస్తున్నాయి. వాడేమో పాత హిందీ పాట సన్నగా కూనిరాగం తీస్తున్నాడు. చెప్పడానికి నోరు రాలేదు.

హఫర్ అల్ బాతిన్

రెండోరోజు శుక్రవారం. నేరుగా వెళ్లక, ఉత్తరంగా తిరిగి హఫర్ అల్ బాతిన్ వెళ్లాం. అక్కడ మల్లయ్య ఉన్నాడు. జగిత్యాల పక్కనుంచి వచ్చిన వెల్డరు, రహమత్‌తో నాలుగేళ్లు ఒకే గదిలో ఉన్న మనిషి. ఆ హైడ్రోజన్ కేంద్రంలో పైపులు అతికినవాళ్లలో అతనూ ఒకడు. ఏ ముఖ్యమైన పనికైనా రహమత్ అతన్ని అడగకుండా అడుగు వెయ్యడు.

సెలవురోజు కాబట్టి మల్లయ్య మాకోసం స్వయంగా వండాడు. అన్నం, పప్పు, పచ్చిపులుసు. మా వైపు చారు మరిగించకుండా పొయ్యి మీంచి దించం. చింతపండు పిసికి, ఉల్లిపాయ ముక్కలు, పచ్చిమిరపకాయ వేసి పచ్చిదే పోసుకోవడం నాకు కొత్త. ఆ ఎండలో అంత చల్లగా దిగింది. రెండుసార్లు పోయించుకున్నాను.

"టీచరమ్మకు నచ్చింది," అని మురిసిపోయాడు.

తిన్నాక నేను అతన్ని హైడ్రోజన్ గురించి అడిగాను. లేచి, గది మూలనున్న చిన్న ఇనప డబ్బా తెచ్చి నా ముందు పెట్టాడు. కరెంటుతో వేడెక్కే డబ్బా. లోపల వెల్డింగు రాడ్లు.

"గివి సూడున్రి. రొట్టెల లెక్క ఎప్పుడూ వెచ్చగ ఉంచుత."

"ఎందుకు?"

"తేమ తగులద్దు. తేమ అంటే నీళ్లే గద. మంటల నీళ్లు ఇరిగి, అండ్లున్న హైడ్రోజన్ ఉక్కుల జొరబడ్తది. అతుకు ఏసినప్పుడు మంచిగనే కనవడ్తది. మీరు సంతకం పెట్టి ఇంటికి వోతరు. తెల్లారి వచ్చి సూస్తే పగులు. నేను ఇరవై ఏండ్ల సంది దానితోని కొట్లాడుతున్న. ఇప్పుడేమో దాన్నే పైపుల నింపుతం అంటున్నరు!"

ఈ సంగతి నేను పుస్తకంలో చదివి ఉంటాను. కానీ అన్నిటికంటే తేలికైన పరమాణువు ఉక్కు సందుల్లోకి దూరి దాన్ని పెళుసు చేస్తుందన్న మాటను, ఆ వెచ్చటి రాడ్లు పట్టుకుని అతను చెబుతుంటే విన్నప్పుడు కొత్తగా తెలిసినట్టయింది.

"అక్కడి పైపులు మరి?" అన్నాను.

"ఉక్కే వేరు తెచ్చిన్రు. అతికిన ప్రతి జాయింటు ఎక్స్‌రే తీసి సూసిన్రు. నావి రెండు తీసేయించి మళ్ల వెల్డింగు కొట్టిచ్చిన్రు. కోపమొచ్చింది గని, మంచిగనే చేసిన్రు."

రహమత్ ముందుకు జరిగి కూర్చున్నాడు. "పోనా, వద్దా?" అన్నాడు.

మల్లయ్య డబ్బా మూత పెట్టాడు. "పో. గని భయం ఇడిసిపెట్టి పోకు. ఎంబడి తీస్కపో."

నేను నస్రీన్‌కు ఇచ్చిన మాట గుర్తొచ్చి తల దించుకున్నాను. వద్దని చెప్పించడానికి ఇంతకంటే తగిన మనిషి దొరకడనుకున్నాను. అతను కూడా పొమ్మన్నాడు.

గడ్డకట్టిన పంపు

రాస్ తనూరా చేరి, రహమత్‌తో పనిచేసే ఒకతని ఇంట్లో వాళ్ల ఆడవాళ్లతో దిగాను. ఆదివారం రహమత్ నన్ను హైడ్రోజన్ కేంద్రం దగ్గరికి తీసుకెళ్లాడు. చేరబోయేవాళ్లు ఇంటివాళ్లతో వచ్చి చూడవచ్చట. కేంద్రం నుంచి పనివాళ్లను రాస్ తనూరా వైపు దింపే బస్సు హైడ్రోజన్‌తో నడుస్తుంది. దాన్ని నడిపేది మదనపల్లె ఖాదర్ బాషా. నా మాట వినగానే, "కడప తట్టా మేడం? రాండి, ముందు సీటు మీదే," అన్నాడు.

బస్సు ఆ గ్యాసును ఇంజనులో కాల్చదు. హైడ్రోజన్, గాలిలోని ఆక్సిజన్ కలిసినచోట కరెంటు పుడుతుంది, ఆ కరెంటుతో చక్రాలు తిరుగుతాయి. మిగిలేది నీళ్లు. ఖాదర్ ఆవరణలో ఒక చుట్టు తిప్పాడు. మా ఊరి బస్సుల్లో ముందు సీటువాళ్లు మాట్లాడితే మూడో సీటుకు వినపడదు. ఇక్కడ ఖాదర్ జేబులోని తాళాల చప్పుడు వినిపించింది. ఆగాక దిగి వెనక్కి వెళ్లి, గొట్టం కింద టీ కప్పు పెట్టాను. బొట్లు బొట్లుగా నీళ్లు పడ్డాయి. వాసన లేదు, రంగు లేదు. తాగబోతే ఖాదర్ గాభరాపడి కప్పు లాక్కున్నాడు.

"దాంట్లో తుప్పుంటాదో ఏముంటాదో మేడం! మీకేమన్నా అయితే నా ఇకామా పోతాది, ఆ కార్డు లేకపోతే ఈడ ఉండనియ్యరు!"

ఇక గ్యాసు నింపుకుని బయల్దేరాలి. లోపల పదిహేనుమంది పనివాళ్లు ఎక్కి కూర్చున్నారు. ట్యాంకులోకి వేగంగా తోసేటప్పుడు గ్యాసు వేడెక్కుతుంది కాబట్టి ముందే దాన్ని బాగా చల్లబరిచి పంపుతారు. నింపడానికి పది నిమిషాలే పట్టింది. ఖాదర్ నాజిల్ తీయబోయాడు. రాలేదు. గట్టిగా తిప్పబోయి ఆగాడు. వంగి చూశాను. నాజిల్ చుట్టూ తెల్లగా మంచు. సెప్టెంబరు నెల, సముద్రం పక్క. గాలిలో తేమ చొక్కాలను ఒంటికి అంటించేస్తోంది. ఆ తేమ అంతా చల్లటి లోహం మీద గడ్డకట్టి, పంపును బస్సుకు అతికించేసింది. చెమటతో ముద్దయిపోయి మేమందరం మంచు కరగడం కోసం నిలబడ్డాం.

"లాగచ్చు కదా?" అన్నాను.

"లాగితే సీలు చిరుగుతాది మేడం. కరిగేదాకా ఉండాల్సిందే."

"ఇంకో పంపు?"

ఖాదర్ నవ్వాడు. "ఈ తట్టంతా ఇదొక్కటే మేడం. బస్సు బంగారం. పంపు దొరికేది కష్టం. ఆ పంపు దాకా గ్యాసు తెచ్చేది ఇంకా కష్టం. ఒక పెద్ద లారీ నిండా సిలిండర్లు పెట్టి తెస్తారు. లోపలుండే గ్యాసు చూస్తే ఇంతే."

అరగంట చూసి పనివాళ్లు దిగి, పక్కనే వచ్చిన డీజిల్ బస్సు ఎక్కి వెళ్లిపోయారు. వాళ్లలో ఒకడు పోతూ పోతూ, "ఖల్లి వల్లి," అని చెయ్యి ఊపాడు. పోనీలే అని అర్థం. మేం ముగ్గురం రేకుల నీడలో కూర్చున్నాం. ఖాదర్ ఫ్లాస్కులోంచి చిక్కటి టీ పోశాడు. ఆ టీ, నాజిల్ మీది మంచు, ఎదురుగా ఎండలో మెరుస్తున్న సముద్రం. ఎందుకో నాకు చాలా హాయిగా అనిపించింది.

రహమత్ కూడా తేలికపడ్డట్టున్నాడు. ఖాదర్‌కు ఏదో చెబుతున్నాడు. "పగటిపూట దీని మంట కంటికి కనపడదు. అందుకే అప్పట్లో పాతోళ్లు చీపురు ముందుకు చాపి నడిచేవాళ్లంట. చీపురు అంటుకుంటే అక్కడ మంటున్నట్టు. మా యూనిట్లో ఇప్పుడు కెమెరాలు పెట్టినారు..."

"మీ యూనిట్లోనా?" అన్నాను.

వాడు చేతిలోని టీ కప్పు కింద పెట్టాడు.

పెట్రోలు, డీజిల్‌లోని గంధకాన్ని తీసేయడానికి రిఫైనరీలో హైడ్రోజన్ వాడతారు. ఈ వాక్యాన్ని నేను ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలచేత కంఠతా పట్టించాను. ఆ వాక్యం చివర నా తమ్ముడు నిలబడి ఉంటాడని ఒక్కసారీ తట్టలేదు.

"ఎన్నాళ్లనుంచిరా?"

"వచ్చినప్పటినుంచి. పదకొండేళ్లు." గొంతు తగ్గించాడు. "నస్రీన్‌కు చెప్పలా. మీటర్లు చూస్తానని చెప్పినా. అది అబద్ధం కాదు కదక్కా."

"అబద్ధం కాదు. నిజమూ కాదు."

కాసేపటికి నాజిల్ టక్కుమని వదులైంది. ఖాదర్ దాన్ని పసిపిల్లను దించినట్టు జాగ్రత్తగా పక్కన పెట్టాడు. అంత పెద్ద బస్సులో మేం ముగ్గురమే రాస్ తనూరా దాకా వచ్చాం.

రాస్ తనూరా

ఆ సాయంత్రమే సముద్రం ఒడ్డున కూర్చుని వాడిచేత నస్రీన్‌కు వీడియో కాల్ చేయించాను. దూరంగా ఓడలు బారుగా ఆగి ఉన్నాయి. రహమత్ అంతా చెప్పాడు. యూనిట్టు, హైడ్రోజన్, పదకొండేళ్లు. నస్రీన్ వింటూ ఉంది.

"అంటే నేను పదకొండేళ్లు ఏ భయమూ లేకుండా నిద్రపోయినా," అంది చివరికి. "నాకు తెలీకనే." ఫోన్ పెట్టేసింది.

సోమవారం ఎత్తలేదు. మంగళవారం ఎత్తలేదు. రహమత్ డ్యూటీకి పోయి వచ్చి నా ఎదుట కూర్చునేవాడు. నేను దిగిన ఇంట్లో హమూర్ చేప వేయించి పెట్టారు. మన కొర్రమీను కంటే మెత్తన, ముళ్లు తక్కువ. వాడు ముక్క విరిచి అలాగే వదిలేశాడు. "ఉండే పనిలోనే ఉంటానక్కా. గురువారం రానని రాసిస్తా," అన్నాడు. నస్రీన్ నానుంచి కోరింది సరిగ్గా అదే. అయినా నాకు సంతోషం కలగలేదు.

బుధవారం మధ్యాహ్నం నస్రీన్ నాకు ఫోన్ చేసింది, వాడికి కాదు.

"వదినా, నిజం చెప్పు. ఆ కొత్త చోటు పాతదానికంటే ప్రమాదమా?"

నేను చూసింది చూసినట్టు చెప్పాను. మల్లయ్య రాడ్లు, రెండుసార్లు కొట్టించిన అతుకులు, గడ్డకట్టిన పంపు, లాగకుండా ఓపిగ్గా కూర్చున్న ఖాదర్. "ప్రమాదం లేదని చెప్పను. తేలికైన గ్యాసు కాబట్టి బయట లీకైతే పైకి పోతుంది, మూసిన చోట పేరుకుంటే పేలుతుంది. కానీ అక్కడ దాన్ని మర్చిపోయి పనిచేసేవాడు నాకు కనపడలేదు."

అవతల ఆమె తలుపు మూసిన చప్పుడు వినిపించింది.

"నాకు మంట గురించి కాదు వదినా," అంది. "కొత్త ఉద్యోగం అంటే కొత్త కాంట్రాక్టు. ఇంకో మూడేళ్లు ఆయన ఆడనే. దానికి అడ్డం చెప్తే స్వార్థం అంటారని గ్యాసు పేరు చెప్పినా. ఆయన ఒకటి దాచినాడు, నేనొకటి దాచినా."

ఆ మాట ఆమే వాడితో చెప్పాలన్నాను. చెప్పింది. ఆ సంభాషణ నేను వినలేదు. గది బయట మెట్లమీద కూర్చుని రహమత్ గంటసేపు మాట్లాడాడు. లోపలికి వచ్చినప్పుడు వాడి కళ్లు ఎర్రగా ఉన్నాయి, ముఖం మాత్రం తేటగా ఉంది. పొద్దున వేయించిన చేప చల్లారిపోయి ఉంటే అదే తిన్నాడు.

గురువారం వెళ్లి, కొత్త పనిలో చేరతానని సంతకం పెట్టాడు. మూడేళ్లు కాకుండా రెండేళ్లకు అడిగాడు. కుటుంబానికి విజిట్ వీసా ఇప్పించమని కూడా అడిగాడు. మొదటిదానికి అక్కడి ముదీర్, అంటే మేనేజరు, వెంటనే ఒప్పుకున్నాడు. రెండోదానికి చూద్దామన్నాడు, నెల తర్వాత సరేనన్నాడు. మన కోస్తాలోనూ ఇలాంటి కేంద్రాలు కడతామంటున్నారు. అవి నిజంగా లేస్తే, పని తెలిసినవాడిగా ఇంటికి రావచ్చని రహమత్ ఆశ. లేస్తాయో లేదో నేను చెప్పలేను. గడ్డకట్టిన ఒక్క పంపును చూసివచ్చినదాన్ని. ఆ ఇంధనం రేపే వస్తుందనీ అనను, రాదనీ అనను.

ప్రొద్దుటూరు

డిసెంబరులో నస్రీన్ ప్రయాణం ఖాయమైంది. బయల్దేరే వారం ముందు మా ఇంటికొచ్చి, వంటగది గడపలో నిలబడి, "వదినా, ఆయన చేసే పని సరే. ఆ హైడ్రోజన్ అనేది నేనొకసారి చూడాల," అంది.

"కంటికి కనపడదే."

"ఏదో ఒకటి చూపించు."

కాలేజీ ల్యాబ్ నుంచి కాస్త జింకు, ఆమ్లం తెప్పించాను. కిటికీలన్నీ తెరిచాను. పరీక్షనాళికలో బుడగలు లేస్తుంటే నస్రీన్ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని రెండడుగులు వెనక్కి జరిగింది. పైన ఇంకో గాజునాళిక బోర్లించి, నిండేదాకా ఆగి, దాన్ని పక్కకు తీశాను. అగ్గిపుల్ల గీసి ఆమె చేతికిచ్చాను. దాన్ని నాళిక మూతి దగ్గరికి తెచ్చింది.

టప్!

కెవ్వుమని అరిచి నా భుజం పట్టుకుంది. మరుక్షణం తనే నవ్వడం మొదలుపెట్టింది. కళ్లనీళ్లు తిరిగేదాకా నవ్వి, ఇంకో అగ్గిపుల్ల తీసింది.

"మళ్లీ నింపు వదినా," అంది.